రెండు నొక్కితే పాట

కిందటివారం మీరు మా ఇంట్లోంచి వెళ్ళేసరికి మేం ముగ్గురం వంటింటి బల్ల చుట్టూ కూర్చుని, మధ్యలో ఫోను పెట్టుకుని దాని వంకే చూస్తున్నాం. కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్తాను. పాతవాళ్ళు ఈలోగా కాఫీ కలుపుకుని రండి.

నేను పాత పుస్తకాలకి వైద్యం చేస్తాను. చిరిగిన పుటలు అతికిస్తాను, పురుగు తినేసిన అంచులకి పల్చటి కాగితం వేస్తాను. అందుకని మా ఆయన నన్ను ‘డాక్టరమ్మా’ అంటారు. ఆయన ఆసుపత్రిలో కృత్రిమ కాళ్ళు తయారు చేస్తారు. మాకు పెళ్ళై నెల దాటింది. ఈ నెలలోనే వేరే దేశంలోని ఒక పెద్ద గ్రంథాలయం నన్ను ఏడాదిపాటు పనికి రమ్మంది. ఆసుపత్రివాళ్ళు ఈయనకి ఏడాది సెలవు ఇస్తామన్నారు కానీ, ఇప్పుడు నాతోపాటు బయల్దేరితేనే. ఇప్పుడు తప్పితే ఆ సెలవు ఇంకొకరికి పోతుంది. కాబట్టి సంగతి ఒక్కటే. ఇద్దరికీ వీసాలు ఒకేసారి వస్తే ఇద్దరం వెళ్తాం. రాకపోతే కొత్తకాపురంలో మొదటి ఏడాది నేను ఒక ఒడ్డున, ఈయన ఒక ఒడ్డున.

మాకు వీసాల గురించి ఓనమాలు తెలియవు. దగ్గరుండి పని చేసిపెట్టే ఏజెన్సీ ఒకటి చూసుకోవాలి. బజారులో అద్దాల మేడ లాంటి ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ మెరిసే టై కట్టుకున్న మనిషి, మేం ముద్దుగా టైగారు అని పిలుచుకుంటాం, మాకు చల్లటి మంచినీళ్ళిచ్చి, ‘అంతా మేం చూసుకుంటాం’ అన్నాడు. మేం మురిసిపోయి ఇంటికొచ్చాం. ఆ సంగతి నాలుగు రోజులకి గానీ మా అత్తగారికి చెప్పలేదు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ, “ఆగండర్రా. నేను ఫోన్లో మాట్లాడకుండా ఎవరికీ ఏదీ ఇవ్వకండి” అన్నారు.

అత్తగారు ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేశారు. మనిషి మొహం చూసి మోసపోవచ్చు గానీ గొంతు విని మోసపోలేం అని ఆవిడ నమ్మకం. అదిగో, అక్కడ ఆగాం.

*

అత్తగారు కళ్ళజోడు పైకి నెట్టుకుని, చెవికి పక్కనున్న జుట్టు వెనక్కి దువ్వుకున్నారు. హెడ్‌ఫోను పెట్టుకునే రోజుల అలవాటట. ఇప్పుడు చెవికి ఏమీ లేదు, ఫోను స్పీకర్లో ఉంది. అయినా దువ్వుకున్నారు. నాకు ఆ క్షణంలో ఆవిడ భలే ముద్దొచ్చారు.

“అందరినీ ఒకే ప్రశ్న అడుగుదాం. ఏమడగాలి, చెప్పమ్మాయ్” అన్నారు.

“భార్యకి పని వీసా. భర్త తోడుగా వెళ్ళాలి. ఇద్దరివీ కలిపి పెట్టాలా, విడివిడిగా పెట్టాలా?”

“బావుంది. చిన్న ప్రశ్న. తెలిసినవాడు చెప్తాడు, తెలియనివాడు నమిలి మింగుతాడు.”

మొదటి ఏజెన్సీవాడు నిజంగానే ఏదో నములుతున్నాడు. “మెసేజ్ పెట్టండి మేడమ్, చూసి చెప్తాం” అని పెట్టేశాడు. అత్తగారు ఈయన వంక చూసి, “వీడికి మెసేజ్ కూడా దండగే” అన్నారు.

రెండోది అద్దాల మేడ. మొదట రికార్డింగు వచ్చింది: కొత్తగా సంప్రదించేవారు ఒకటి నొక్కండి, ఇప్పటికే మా సేవలు పొందుతున్నవారు రెండు నొక్కండి. అత్తగారు ఒకటి నొక్కారు. గంట మోగీ మోగకముందే ఒక అమ్మాయి గొంతు పలికింది. ఆ గొంతు గురించి ఏం చెప్పను! ఎండలో నడిచొచ్చినవాళ్ళకి తలుపు తీసినట్టుంది.

“శుభోదయం మేడమ్, మీ ప్రయాణం మా బాధ్యత. ఎలా సహాయపడగలను?”

అత్తగారు ప్రశ్న అడిగారు.

“ఎలా పెట్టినా మేం చూసుకుంటాం మేడమ్. మీరు నిశ్చింతగా ఉండండి. ఈరోజే వస్తారా?”

మాట్లాడటం అయ్యాక అత్తగారు రెండు చేతులూ బల్ల మీద పెట్టి నిట్టూర్చారు. “విన్నారా? ఒక్క మాట తడబడలేదు. నేను పూర్తిచేసేదాకా ఆగింది, ఆగి మళ్ళీ ఊపిరి తీసుకుని మాట్లాడింది. ఎవరో చాలా బాగా తర్ఫీదు ఇచ్చారు ఆ పిల్లకి. మా ఎక్స్ఛేంజిలో అయితే రెండేళ్ళు పడుతుంది ఆ పద్ధతి రావడానికి.”

“మరి ప్రశ్నకి జవాబు చెప్పలేదు కదా అత్తయ్యా?”

“అదీ నిజమే” అన్నారు కానీ, మనసు మాత్రం ఆ గొంతు దగ్గరే ఉండిపోయింది. ఈయన ఎందుకో తెగ సంబరపడిపోయారు. “చూశావా అమ్మా, నేను చెప్పలేదూ? అద్దాల మేడే ఖాయం చేసేద్దాం!”

“ఇంకోటి మిగిలింది. అది కూడా కానీ.”

మూడోది కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పైన ఉండే చిన్న ఆఫీసు. నాతో పనిచేసే ఆవిడ చెప్పింది. చాలాసేపు మోగాక ఒక ఆడమనిషి ఎత్తింది. ‘హలో’ అనబోయి తుమ్మింది.

“క్షమించండి. జలుబు. చెప్పండి.”

గొంతు బొంగురుగా, అరిగిపోయిన గుడ్డలా ఉంది. అత్తగారి కనుబొమలు ముడిపడ్డాయి. ప్రశ్న అడిగారు.

“ఏ దేశం?” అంది. చెప్పాం. “ఆ దేశానికైతే ఈమధ్యే పద్ధతి మారిందని విన్నాను. నాకు ఖచ్చితంగా తెలీదు. కనుక్కుని మధ్యాహ్నంలోపు నేనే ఫోన్ చేస్తాను. మీకు కొత్తగా పెళ్ళైందా?”

“అవునండీ” అన్నాను నేను, స్పీకరు మీదకి వంగి.

“అయితే ఫొటోలు ఒకసారి చూసుకోండి. కొత్తగా పెళ్ళైనవాళ్ళు నవ్వకుండా దిగరు. పళ్ళు కనపడితే వెనక్కి పంపిస్తారు.” మళ్ళీ తుమ్మి పెట్టేసింది.

నేనూ ఈయనా మొహమొహాలు చూసుకున్నాం. ఫొటోల సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ స్టూడియోలో నేను సీరియస్‌గా కూర్చుంటే ఈయన ఫొటోగ్రాఫరు వెనక నిలబడి తన మొహం కుందేలులా పెట్టేవారు. ఈయన కూర్చుంటే నేను అదే పని చేశాను. ఆఖరికి విసిగిపోయి ఆ పెద్దాయన, “ఏదో ఒకటి తీసేస్తాను, మీ ఖర్మ” అని తీసేశాడు. రెండు ఫొటోల్లోనూ పళ్ళే పళ్ళు. టైగారు వాటిని చూసి, ‘వెరీ నైస్ కపుల్’ అన్నాడే తప్ప ఇంకేం అనలేదు.

“ఈ గొంతుతో మా దగ్గరైతే మూడో రోజు ఇంటికి పంపేసేవాళ్ళు” అన్నారు అత్తగారు. “తెలీదు అంది చూశావా? ఆ మాట అనకూడదు. కస్టమరుకి ధైర్యం పోతుంది.”

నాకు ధైర్యం పోలేదు. నిజానికి ఆ ‘తెలీదు’ అన్న మాట విన్నాకే ఎక్కడో కాస్త కుదుటపడింది. కాకపోతే ఉద్యోగమంతా గొంతులతో గడిపిన మనిషితో వాదించడానికి నాకు మొహమాటం. కాసేపు బఠాణీలు ఒలుస్తూ ఆలోచించాను. ఒక బఠాణీ ఈయన చొక్కా జేబులోకి విసిరాను. సరిగ్గా వెళ్ళి పడింది. అప్పుడు తట్టింది నాకు.

“అత్తయ్యా, మనం పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళలా అడుగుతున్నాం. అప్పుడు అందరూ తియ్యగానే మాట్లాడతారు. పెళ్ళయ్యాక ఎలా మాట్లాడతారో కదా చూడాల్సింది.”

అత్తగారు కొడుకు వంక, నా వంక చూసి పకపకా నవ్వారు. “ఒరే నాన్నా, ఈ పిల్ల నిన్నేదో అంటోందిరా!”

“నన్ను కాదులే అమ్మా. నేను పెళ్ళయ్యాకే ఇంకా తియ్యగా మాట్లాడుతున్నా” అన్నారు ఈయన. చెవులు ఎర్రబడ్డాయి.

“అద్దాల మేడకి మళ్ళీ చేసి, ఈసారి రెండు నొక్కుదాం” అన్నాను. “ఇప్పటికే వాళ్ళకి పని అప్పగించినవాళ్ళమని అనుకుందాం.”

అత్తగారి కళ్ళు మెరిశాయి. ఫోను నా ముందుకి తోశారు. నేను రెండు నొక్కాను.

పాట వచ్చింది.

మాటల్లేని పాట, వేణువు మీద. మొదటిసారి బాగుంది. మధ్యలో ఒక గొంతు, ‘మీ కాల్ మాకెంతో విలువైనది’ అంది. అదే గొంతు, ఇందాకటి పిల్లది. మళ్ళీ పాట. నేను బఠాణీలన్నీ ఒలిచేశాను. అత్తగారు తొక్కలు పారబోసి వచ్చారు. పాట. అత్తగారు స్టవ్ మీద గిన్నె పెట్టారు, నీళ్ళు మరిగాయి. పాట. మళ్ళీ మా కాల్ ఎంతో విలువైనదన్నారు. ఆ తర్వాత టక్కున లైను తెగిపోయింది.

ఇంకోసారి చేశాను. ఒకటి నొక్కితే వెంటనే ‘శుభోదయం’. రెండు నొక్కితే పాట.

అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. “ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న” అన్నారు నెమ్మదిగా. “ఎంత చక్కటి గొంతు! దాన్ని తీసుకెళ్ళి గుమ్మం దగ్గర కూచోబెట్టారు, ఇంట్లో మాత్రం ఎవ్వరూ లేరు. నేను కూడా బోల్తా పడ్డానే అమ్మాయ్.”

“ఏం ఫరవాలేదు అత్తయ్యా, మనం వాళ్ళకి ఇంకా ఏమీ ఇవ్వలేదుగా” అన్నాను హుషారుగా.

మా ఆయన వంక చూశాను.

కుర్చీలోంచి లేచారు. మళ్ళీ కూర్చున్నారు. జేబులోంచి ఆ బఠాణీ తీసి బల్ల మీద పెట్టారు. ఆయన మొహం ప్లాస్టర్ పూసిన అచ్చులా తెల్లగా, బిగుసుకుపోయి ఉంది.

“డాక్టరమ్మా” అన్నారు, “మొన్న మన పెళ్ళై నెల నిండిన రోజున నేను ఆలస్యంగా వచ్చాను కదా.”

“ఊఁ. బస్సు దొరకలేదన్నారు.”

“బస్సు దొరికింది. అద్దాల మేడకి వెళ్ళాను. నువ్వు పని మానుకుని మళ్ళీ తిరగాలి కదా అని... ఒక్కడినే వెళ్ళి అన్నీ కట్టబెట్టి వచ్చేశాను. వీసాలు చేతికొచ్చాక పుస్తకంలో పెట్టి నీకు బహుమతిగా ఇద్దామనుకున్నా.”

“ఏం కట్టబెట్టారు?”

“మన పాస్‌పోర్టులు. రెండూ.”

నాకు కోపం వచ్చింది. అదే ఊపిరిలో, ఒక పుస్తకంలో రెండు వీసాలు పెట్టి నా చేతికిస్తూ ఈయన మొహం ఎలా ఉండేదో కూడా కళ్ళకి కట్టింది. కోపమూ ముద్దూ ఒకదాన్నొకటి తోసుకుంటూ గొంతులో ఇరుక్కుంటే మనిషి ఏమీ మాట్లాడలేడు. నాకు కొత్తగా తెలిసిన సంగతుల్లో ఇదొకటి.

అత్తగారికి ఆ ఇబ్బంది లేదు. “ఒరేయ్! నేను ఆగమన్నానా లేదా?”

“నువ్వు ఆగమన్నది ఆ తర్వాతమ్మా. అప్పటికే ఇచ్చేశాను. చెప్దామంటే... మీరిద్దరూ ఇంత సరదాగా ఫోన్లు చేస్తుంటే నోరు రాలేదు.”

“ఊరందరికీ కాళ్ళు చేసిపెడతావు, నీ కాలు మాత్రం తిన్నగా ఒకచోట నిలవదు!”

“అత్తయ్యా, వదిలెయ్యండి” అన్నాను. “ఏమండీ, ఇంకోసారి నాకు బహుమతి ఇవ్వాలనిపిస్తే పువ్వులు తీసుకురండి. పువ్వులకి పాస్‌పోర్టు అక్కర్లేదు.”

ఈయన నవ్వబోయి, నవ్వొచ్చో రాదో తెలియక నా మొహం వంక చూశారు. అప్పుడే ఫోను మోగింది. ఒక తుమ్ము.

“కనుక్కున్నానమ్మా” అంది జలుబు మేడమ్. మధ్యాహ్నం ఇంకా కాలేదు. “ఇద్దరివీ కలిపే పెట్టాలి. మీ పని వీసాతో పాటు ఆయనది మీ తోడుగా వెళ్ళాలి. ఆయనది ముందుగా, విడిగా పెట్టొద్దు. అలా పెడితే ఆయన ఊరికే చూడ్డానికి వస్తున్న మనిషి అవుతాడు. కొన్నాళ్ళుండి తిరిగి రావాలి. ఆ తర్వాత మార్పించుకోవడం గగనం.”

“ఒక చిన్న చిక్కొచ్చిందండీ” అని, పాస్‌పోర్టులు ఎక్కడున్నాయో చెప్పాను.

అవతల తుమ్ము కూడా లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. అత్తగారు మాత్రం చెయ్యెత్తి ‘ఉంది, ఊపిరి వినపడుతోంది’ అని సైగ చేశారు.

“వెళ్ళి తెచ్చుకోండి” అంది చివరికి. “ఈరోజే. ముగ్గురూ వెళ్ళండి. ఏమన్నారో విని, అక్కణ్ణించే నాకు చెప్పండి. బయటికి రాకముందే చెప్పండి.”

*

అద్దాల మేడ మధ్యాహ్నపు ఎండలో మెరుస్తోంది. లోపల చల్లగా ఉంది, నేల ఎంత నున్నగా ఉందంటే ఈయన నా చెయ్యి పట్టుకున్నారు, జారతానని. ఈ గొడవలో కూడా నాకది బాగుంది, ఏం చెయ్యను! కౌంటరు వెనక ఒక సన్నటి అమ్మాయి కూర్చుంది.

“శుభ మధ్యాహ్నం మేడమ్, మీ ప్రయాణం మా బాధ్యత.”

అత్తగారు ఠక్కున ఆగిపోయారు. “నువ్వేనా అమ్మా పొద్దున్న మాట్లాడింది?”

ఆ అమ్మాయి తికమకపడి నవ్వింది. ఆ నవ్వు మాత్రం ఎవరూ నేర్పింది కాదు. “రోజూ చాలామందితో మాట్లాడతానండీ.”

“రెండు నొక్కినవాళ్ళతో కూడా మాట్లాడతావా?”

“అది... నా లైను కాదండీ” అంది తల దించుకుని.

మా పాస్‌పోర్టులు మాకు ఇచ్చెయ్యమని అడిగాను. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళింది. ఎదురుగా మెట్ల కింద ఒక చిన్న తలుపు ఉంది, దానికి తాళం వేసి ఉంది. దాని పక్కనే నీళ్ళ యంత్రం, ఆకులు దుమ్ము పట్టిన ప్లాస్టిక్ మొక్క. మేం ముగ్గురం మెత్తటి సోఫాలో కూర్చున్నాం. అది ఎంత మెత్తనిదంటే అత్తగారు అందులో సగం కనపడకుండా పోయారు. “లేవడానికి కూడా వీళ్ళకే ఫోన్ చెయ్యాలేమో” అన్నారు.

అమ్మాయి తిరిగి వచ్చి కౌంటరు మీద ఒక పాస్‌పోర్టు పెట్టింది. తెరిచి చూశాను. నాదే. నవ్వుతున్న ఫొటోలు క్లిప్పుతో గుచ్చి అలాగే ఉన్నాయి.

“ఇంకోటి?” అన్నాను.

ఆ పిల్ల ఊపిరి తీసుకుంది. “సర్‌ది నిన్ననే వెళ్ళిపోయింది మేడమ్. ఇక్కడినుంచి వెళ్ళాక మా చేతుల్లో ఏమీ ఉండదు. మీరు నిశ్చింతగా ఉండండి.”

ఎంత చక్కగా చెప్పింది! తడబాటు లేదు. ఈయన కౌంటరు మీదకి వంగారు.

“ఎలా పంపారు? నా భార్యతో పాటుగానా?” అన్నారు.

“మేడమ్‌ది గ్రంథాలయం వాళ్ళ ఉత్తరం కోసం ఆగింది సర్. మీది ఆగక్కర్లేదని సందర్శకుల కింద పెట్టేశారు. త్వరగా అవుతుందని.”

త్వరగా. నా పాస్‌పోర్టు నా చేతిలో ఉంది. ఈయనది ఎక్కడో ఊరికే చూడ్డానికి వెళ్ళే మనిషిగా వెళ్ళిపోయింది. నేను మనసులో ఏడాదికి ఎన్ని రోజులో లెక్కపెట్టుకోలేదు. ఒక్కటే కనపడింది: మా స్నానాల గదిలో ఒకే గ్లాసులో ఉన్న రెండు బ్రష్షులు. వాటిలో నాది తీసి సంచిలో పెట్టుకోవాలి కదా అనుకున్నాను.

“ఏడవకే అమ్మాయ్” అన్నారు అత్తగారు. “ముందు ఆ జలుబావిడకి చెయ్యి. ఇక్కణ్ణించే చెప్పమంది కదా.”

కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది.

“ఏమన్నారు? మాటకి మాట చెప్పండి” అంది.

“ఒకటి ఇచ్చారండీ, నాది. ఆయనది లేదు. ‘సర్‌ది నిన్ననే వెళ్ళిపోయింది మేడమ్. ఇక్కడినుంచి వెళ్ళాక...’”

“‘...మా చేతుల్లో ఏమీ ఉండదు. మీరు నిశ్చింతగా ఉండండి’” అని ఆవిడే పూర్తిచేసింది.

బొంగురుపోయిన గొంతే. కానీ ఆ మాటలు మాత్రం తలుపు తీసినట్టు మెత్తగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, మళ్ళీ ఊపిరి తీసుకుని పలికాయి. నా వెనకే నిలబడి వింటున్న అత్తగారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు.

“మీకెలా తెలుసండీ?” అన్నాను.

“ఆ వాక్యం రాసింది నేనే అమ్మా. ఆ పిల్లకి పలకడం నేర్పింది కూడా నేనే. ఒకప్పుడు అక్కడే ఉండేదాన్ని.” ఆవిడ తుమ్మలేదు. “మనసు మార్చుకుని వచ్చినవాళ్ళని వెనక్కి పంపడానికి రాశాను. దానికి అర్థం వెళ్ళిపోయిందని కాదు. ఇంకా వెళ్ళలేదని. అన్నీ ఒక గదిలో పోగేసి ఒకేసారి పంపుతారు. మెట్ల కింద చిన్న తలుపు ఉందా?”

“ఉంది. తాళం వేసి ఉంది.”

“మీ ఆయన పాస్‌పోర్టు అక్కడే ఉండాలి. సాయంత్రం బండి వచ్చేదాకానే ఉంటుంది. అడగాల్సింది ఆ పిల్లని కాదు, తాళం ఉన్నవాణ్ణి. ఏమడగాలో నేను చెప్తాను. కానీ ఇదంతా రాసిన మనిషి మాట నమ్మాలా వద్దా అన్నది మాత్రం మీరే తేల్చుకోండి. నేనైతే మీ స్థానంలో ఉంటే కాస్త ఆలోచిస్తాను.”

నేను అత్తగారి వంక చూశాను. గొంతు విని మోసపోలేం అనే మనిషి. పొద్దుటే ఒకసారి పొరబడ్డ మనిషి. ఆవిడ కళ్ళు మూసుకుని, జుట్టు చెవి వెనక్కి దువ్వుకుని, ఫోనులోంచి వస్తున్న ఆ ఊపిరినే వింటున్నారు.

“అత్తయ్యా?” అన్నాను.

ఆవిడ నోరు తెరిచేలోపు మా వెనక తాళాలు గలగలమన్నాయి. టైగారు చేతిలో గుత్తి తిప్పుకుంటూ, చల్లటి మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి చాచి నవ్వుతున్నాడు.

“ఫోన్లో ఎవరు మేడమ్?” అన్నాడు.